ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా సర్వర్‌కి మళ్లీ యూపీఎస్ ఎందుకు?

మన ఇళ్లలో ఇన్వర్టర్ కొత్త వస్తువు కాదు. మెట్ల కిందో, బాల్కనీ మూలనో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ ఉంటుంది. ఫ్యాన్లు, లైట్లు, టీవీ, రౌటర్ అన్నీ దాని మీదే నడుస్తాయి. అందుకే ఎవరైనా ఇంట్లో చిన్న సర్వర్, అంటే రోజంతా ఆన్‌లో ఉండే కంప్యూటర్, పెట్టుకుని, ఇంటిల్లిపాది ఫొటోలూ పత్రాలూ అందులో చేర్చి, ‘దీనికి ఏ యూపీఎస్ కొనాలి?’ అని అడిగితే మొదట వచ్చే జవాబు: ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టేయండి, యూపీఎస్ దండగ. రెండో జవాబు దీనికి పూర్తిగా ఎదురు: ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటుని ఎప్పుడూ తనలోంచి మార్చి ఇచ్చే రకం) తీసుకోండి, రెండు గంటల బ్యాకప్ ఉండాలి. నేను ఈ రెంటినీ ఒప్పుకోను. ఎక్కువసేపు నడపడం ఇన్వర్టర్ పని, అది ఆ పని బాగానే చేస్తుంది. యూపీఎస్ పని వేరు. కరెంటు పోయిందన్న కబురు సర్వర్‌కి చేరవేయాలి, సర్వర్ ఫైళ్లన్నీ మూసుకుని పద్ధతిగా ఆగేదాకా దాన్ని నిలబెట్టాలి. దీనికి పది నిమిషాల బ్యాటరీ చాలు. కబురు చేరవేయలేని యూపీఎస్ మాత్రం ఎంత పెద్దదైనా సర్వర్‌కి పనికిరాదు.

ముందు ఇన్వర్టర్ సంగతి చూద్దాం. చాలా ఇన్వర్టర్ల వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది: ఒక వైపు యూపీఎస్ మోడ్, ఇంకో వైపు నార్మల్ లేదా ఎకో మోడ్. యూపీఎస్ మోడ్‌లో కరెంటు పోయిన పది మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటూగా బ్యాటరీ మీదకు మారుతుంది. నార్మల్ మోడ్‌లో కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. కంప్యూటర్ పవర్ సప్లైలో కెపాసిటర్లు పట్టి ఉంచే సమయం, పూర్తి లోడ్ మీద, 16-17 మిల్లీసెకన్లు. లోడ్ తక్కువైతే ఇంకొంచెం ఎక్కువ. అంటే నార్మల్ మోడ్‌లో సర్వర్ ఒకసారి బతుకుతుంది, ఒకసారి రీబూట్ అవుతుంది. సర్వర్ దాని మీద ఉంటే ఆ స్విచ్ యూపీఎస్ వైపే ఉండాలి. కాకపోతే ఈ మోడ్‌లో ఇన్‌పుట్ ఓల్టేజీ పరిధి చిన్నదవుతుంది. లో ఓల్టేజీ వచ్చే ఊళ్లలో ఇన్వర్టర్ చీటికీ మాటికీ బ్యాటరీ మీదకు వెళ్తుంది, బ్యాటరీ తొందరగా అరిగిపోతుంది. చాలామంది స్విచ్‌ని నార్మల్‌లోనే వదిలేసేది ఇందుకే.

ఇది సర్దుకోదగ్గ లోపం. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కి నోరు లేదు. రాత్రి గాలివానకి లైను తెగి, తెల్లారేదాకా లైన్‌మన్ రాకపోతే, ఫ్యాన్లన్నీ తిరిగి తిరిగి ఏ మూడింటికో బ్యాటరీ అయిపోతుంది. అది బీప్ కొడుతుంది, మనిషికి వినిపిస్తుంది. సర్వర్‌కి తెలియదు. డిస్కు మీద రాస్తూ రాస్తూ ఉండగానే కరెంటు పోతుంది.

అలా పోతే ఏమవుతుందన్నది మీరు వాడే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, మీద ఆధారపడి ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే నిర్మాణం చెడదు, చివరి కొన్ని సెకన్ల రాతలు మాత్రం పోతాయి. ఎక్స్‌టీ4 తన జర్నల్ (చేయబోయే రాతల చిట్టా) సాయంతో చాలాసార్లు లేస్తుంది. కానీ లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్-5లో (ఒక డిస్కు చెడినా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపే పద్ధతిలో) డేటా ఒక డిస్కుకి చేరి, పారిటీ, అంటే పోయినదాన్ని తిరిగి కట్టుకునే లెక్క, ఇంకో డిస్కుకి చేరకముందే కరెంటు పోతే రెండూ పొసగవు. మళ్లీ ఆన్ అయ్యాక లినక్స్ పారిటీని తిరిగి లెక్కగట్టి సరిచేస్తుంది, కానీ అది పూర్తయ్యేలోపే ఒక డిస్కు చెడితే ఆ తేడా తప్పుడు డేటాగా బయటపడుతుంది. మెమరీ కార్డు మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై సంగతి ఇంకా అన్యాయం. కార్డు లోపలి కంట్రోలర్ తన పట్టికలు సర్దుకునే సమయంలో కరెంటు పోతే కార్డే చదవబడకుండా పోవచ్చు. మీ సర్వర్‌కి ఇప్పటిదాకా ఇలాంటి దెబ్బలు ఎన్ని తగిలాయో డిస్కులే లెక్క రాసి పెట్టుకుంటాయి. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ (SMART) వివరాలు తెరిచి చూడండి. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ డిస్కులో ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ అనే అంకె ఉంటుంది. హార్డ్ డిస్కుల్లో 192వ వరస హెడ్‌ని అత్యవసరంగా వెనక్కి లాగిన సార్ల లెక్క చెబుతుంది. కొన్ని మోడళ్లు మామూలు షట్‌డౌన్‌ని కూడా అందులోనే కలిపేస్తాయి కాబట్టి దాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. యూపీఎస్ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు మీ ఇంటి జవాబు ఆ అంకెల్లోనే ఉంది. కొన్నాక అవి పెరగడం ఆగిందా లేదా అన్నదే యూపీఎస్‌కి పరీక్ష.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న వీఏ (ఓల్ట్ ఆంపియర్లు, పెట్టె మీద రాసే సామర్థ్యం) గురించి కాదు, డేటా పోర్టు గురించి. వెనక చదరపు యూఎస్‌బీ పోర్టు, అంటే ప్రింటర్లకు ఉండే రకం, ఉండాలి. ముందు వైపు ఫోన్ చార్జింగ్ కోసం ఇచ్చే యూఎస్‌బీకీ దీనికీ సంబంధం లేదు. లాన్ కేబుల్ పట్టే రంధ్రం ఉంటే అది చాలావరకు సర్జ్ (ఓల్టేజీ ఒక్కసారిగా ఎగబాకడం) నుంచి రక్షణ కోసం పెట్టినదే. 600 వీఏ చవక మోడళ్లలో చాలావాటికి డేటా పోర్టే ఉండదు, ఒకే కంపెనీలో పక్క మోడల్‌కి ఉండొచ్చు. నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, అందరూ పొట్టిగా నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, తనకు తెలిసిన మోడళ్ల జాబితాని తన సైట్‌లో పెట్టింది. కొనేముందు మోడల్ నంబరుతో అందులో వెతకండి. ఏపీసీ, ఈటన్, సైబర్‌పవర్ కంపెనీల పెట్టెలు ఎక్కువగా హిడ్ (HID) అనే ప్రామాణిక యూఎస్‌బీ పద్ధతిలో మాట్లాడతాయి, వాటికి యూఎస్‌బీహిడ్ డ్రైవర్ సరిపోతుంది. పేరులేని పెట్టెలు, స్థానిక బ్రాండ్లు చాలావరకు పాత మెగాటెక్ పద్ధతిలో మాట్లాడతాయి. కంప్యూటర్ చూపే యూఎస్‌బీ పరికరాల జాబితాలో 0665:5161 అన్న అంకె కనబడితే అది ఈ రకమే. దీనికి నట్‌లో క్యూఎక్స్ డ్రైవర్ ఉంది. పని చేస్తుంది, కానీ బ్యాటరీ శాతం, మిగిలిన సమయం లాంటివి అది సరిగా చెప్పదు. ఓల్టేజీ చూసి ఉజ్జాయింపు వేస్తుంది.

తర్వాత వీఏ. పెట్టె మీద 600 వీఏ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కన చిన్నగా 360 వాట్లు అని ఉంటుంది. మీకు కావాల్సింది ఆ రెండో అంకె. అది ఎంత బరువు మోయగలదో చెబుతుందే గాని ఎంతసేపు మోస్తుందో చెప్పదు. ఎంతసేపు అన్నది లోపలి బ్యాటరీ చెబుతుంది, 600 వీఏ పెట్టెలో అది సాధారణంగా 12 ఓల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. గుణిస్తే 84 వాట్ అవర్లు వస్తాయి, కానీ ఆ 7 ఏహెచ్ లెక్క 20 గంటల పాటు 0.35 ఆంపియర్ల చొప్పున తీస్తేనే నిజం. గబగబా తీస్తే లెడ్ బ్యాటరీ అంత ఇవ్వదు.

ఒక మామూలు ఏర్పాటు తీసుకుందాం. ఎన్100 ప్రాసెసరున్న మినీ పీసీ 12 వాట్లు, రెండు డిస్కుల నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పెట్టె) 25, రౌటరూ ఫైబర్ పెట్టె కలిపి 15. మొత్తం 52. యూపీఎస్ తన సొంత నష్టం కలుపుకుంటే బ్యాటరీ నుంచి 65 వాట్లు, అంటే ఐదున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆ వేగంలో 7 ఏహెచ్ బ్యాటరీ ఇచ్చేది సుమారు 4 ఏహెచ్. కొత్తలో అరగంటకి పైనే నడుస్తుంది, రెండు వేసవులు దాటాక పావుగంట. సర్వర్ ఆగడానికి ఇది ధారాళం. అదే గ్రాఫిక్స్ కార్డున్న పాత డెస్క్‌టాప్ 200 వాట్లు తాగుతుంటే కొత్తలో ఏడెనిమిది నిమిషాలు, పాతబడ్డాక రెండో మూడో. అప్పుడు రెండు బ్యాటరీలుండే 1000-1100 వీఏ వైపు వెళ్లాలి. మీ సర్వర్ ఎన్ని వాట్లో ఊహించకండి. కరెంటు లెక్క చూపే స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టి ఒక రోజంతా చూడండి, ముఖ్యంగా ఆన్ చేసే క్షణం. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు ఒక్కోటి 20-25 వాట్లు లాగుతుంది. నాలుగుంటే ఆ క్షణంలో 80 నుంచి 100.

వేవ్‌ఫారం, అంటే యూపీఎస్ ఇచ్చే కరెంటు అల ఆకారం, గురించి అనవసరమైన భయం చాలా ఉంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే నకిలీ సైన్ వేవ్ ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న డెస్క్‌టాప్ పవర్ సప్లైలు, అంటే 80 ప్లస్ అన్న సామర్థ్య ముద్ర ఉన్నవాటిలో దాదాపు అన్నీ, దీన్ని కొన్నిసార్లు భరించలేవు. మారే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి యూపీఎస్‌ని ఓవర్‌లోడ్‌లోకి నెడతాయి, లేదా అవే ఆగిపోతాయి. అలాంటి సర్వర్ ఉంటే ప్యూర్ సైన్ వేవ్ మోడల్‌కి డబ్బు పెట్టడం న్యాయమే. మినీ పీసీ, చిన్న నాస్, రౌటర్ల అడాప్టర్లు 75 వాట్ల లోపువైతే మాత్రం వాటిలో సాధారణంగా పీఎఫ్‌సీ ఉండదు. ఆ తేడా వాటికి పట్టదు.

ఆన్‌లైన్ యూపీఎస్ మారే సమయం సున్నా, నిజమే. కానీ అది రోజంతా కరెంటుని ఏసీ నుంచి డీసీకి, డీసీ నుంచి మళ్లీ ఏసీకి మారుస్తూ వేడెక్కుతూ ఉంటుంది, ఫ్యాను ఆగదు. 50 వాట్ల సర్వర్ కోసం అదనంగా 30 వాట్లు ఊరికే కాలితే ఏడాదికి 263 యూనిట్లు. దాని బదులు లైన్ ఇంటరాక్టివ్ అనే రకం యూపీఎస్ చాలు. అది రెండు నుంచి ఆరు మిల్లీసెకన్లలో మారుతుంది, పవర్ సప్లై ఆ ఖాళీని గమనించదు. పైగా దానిలో ఏవీఆర్, అంటే ఓల్టేజీని సర్దే భాగం, ఉంటుంది. సాయంత్రం ఓల్టేజీ 180కి పడిపోతే బ్యాటరీ ముట్టుకోకుండానే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ మార్చి పైకి లేపుతుంది. ఏవీఆర్ లేని ఆఫ్‌లైన్ పెట్టె ఆ పడిపోయిన ప్రతిసారీ బ్యాటరీ మీదకు వెళ్తుంది, మోటార్ల లోడు పడే పల్లెల్లో ఇది రోజుకు పదిసార్లు జరగొచ్చు. అందుకని ఆఫ్‌లైన్ రకం మన ఊళ్లకు వద్దు.

ఏవీఆర్‌కి ఒక హద్దుంది. మన వీధుల్లోకి మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ వస్తాయి. స్తంభం దగ్గర ఆ న్యూట్రల్ తెగితే లోడు తక్కువున్న ఇంటికి 230 బదులు 300, 350, చివరికి 400 ఓల్టుల దాకా రావచ్చు. దీన్ని ఏ ఇంటి యూపీఎస్సూ ఆపలేదు, లోపలి సర్జ్ భాగం కాలిపోతుంది. మీటరు తర్వాత పంపిణీ పెట్టెలో ఓవర్ ఓల్టేజీ-అండర్ ఓల్టేజీ రిలే పెట్టించాలి, 270 దాటగానే కట్ చేసేది. ఎర్తింగ్ కూడా అదే రోజు చూపించండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు ఫేజ్-న్యూట్రల్ అంతే చూపించాలి. సర్వర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్త్ తెగి ఉన్నట్టే. పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి సుమారు సగం ఓల్టేజీ ఆ క్యాబినెట్ మీదకు తేలుతుంది. అలాంటి సాకెట్‌లో యూపీఎస్ సర్జ్ రక్షణ పూర్తిగా పని చేయదు, ఎక్కువైన కరెంటుని ఎర్త్‌లోకి పంపించడానికి దానికి దారే లేదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మంది పట్టించుకోని సంగతి, వేడి. సీల్డ్ లెడ్ బ్యాటరీకి రాసే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. రామగుండం, రెంటచింతల వేసవి గురించి చెప్పక్కర్లేదు. మామూలు ఊళ్లో కూడా మూసిన టీవీ యూనిట్‌లోనో అటక మీదో పెట్టిన యూపీఎస్ లోపల 40 దాటుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడి దానికి అదనం. నాలుగేళ్లు రావాల్సిన బ్యాటరీ ఏడాదిన్నరకే చచ్చిపోయేది అందుకే. వేడికి తోడు చార్జర్ కూడా కారణం. 25 డిగ్రీల దగ్గర ఫ్లోట్ ఓల్టేజీ (నిండిన బ్యాటరీని నిండుగానే ఉంచేది) 13.5 నుంచి 13.8 ఉండాలి, వేడి పెరిగితే తగ్గాలి. చవక పెట్టెలు తగ్గించవు. అధిక చార్జింగ్‌తో లోపలి నీరు ఆవిరై బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బితే ట్రేలో ఇరుక్కుంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగకండి, ట్రే స్క్రూలు విప్పి మొత్తంగా బయటకు తీయాలి. యూపీఎస్ ఎప్పుడూ నేల దగ్గర, గాలి ఆడేచోట, సర్వర్ వేడిగాలి తగలని వైపు ఉండాలి.

బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని. పెట్టె ఆపి, ప్లగ్ తీసి, అడుగు మూత విప్పాలి. 12 ఓల్టుల 7 ఏహెచ్ కొలతలు అన్ని కంపెనీల్లోనూ ఒకటే: పొడవు 151 మిల్లీమీటర్లు, వెడల్పు 65, ఎత్తు 94. తేడా వచ్చేది టెర్మినల్ పలక వెడల్పులో: ఒకటి 4.75 మిల్లీమీటర్లు, ఇంకోటి 6.35. పాతదాన్ని పట్టుకెళ్లి చూపించి తీసుకోండి. దుకాణంలోనే మల్టీమీటర్ పెట్టించండి. 12.6 పైన ఉంటే సరే, 12.4 లోపుంటే అది షెల్ఫులో నెలల తరబడి ఖాళీ అవుతూ కూర్చున్నది, వద్దనండి. మన తిరుపతి దగ్గరి అమరరాజా వాళ్ల క్వాంటా, ఎక్సైడ్ లాంటివి పట్టణాల్లో తేలిగ్గా దొరుకుతాయి. రెండు బ్యాటరీల పెట్టె అయితే రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే పాతది ముందే ఖాళీ అయి కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. పాత బ్యాటరీని చెత్తబండికి వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. దుకాణదారు పాతది తీసుకుని ధర తగ్గిస్తాడు కూడా.

7 ఏహెచ్ తీసేసి అదే సైజు లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టమని ఈమధ్య సలహాలు వస్తున్నాయి. 360 వాట్లు 12 ఓల్టుల దగ్గర 30 ఆంపియర్లు దాటుతుంది. ఆ చిన్న లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ చాలాసార్లు పది ఆంపియర్లకే తెంచేస్తుంది. తెంచితే హెచ్చరికలేవీ లేకుండా సర్వర్ ఒక్కసారిగా ఆగుతుంది. లోడు చిన్నదై, డేటా షీట్‌లో నిరంతర కరెంటు అంకె సరిపోతేనే దాని జోలికి వెళ్లండి. అప్పుడైనా శాతం లెక్క నమ్మొద్దు, యూపీఎస్ లెడ్ బ్యాటరీ ఓల్టేజీలకే అలవాటుపడింది. 600 వీఏ పెట్టెకి వైర్లు లాగి కారు బ్యాటరీ తగిలించడం ఇంకా ప్రమాదం. దాని చార్జర్ చిన్నది, అంత పెద్ద బ్యాటరీని నింపడానికి రోజులు పడుతుంది. దాని ట్రాన్స్‌ఫార్మరూ హీట్‌సింకూ నిమిషాల పాటు నడవడానికి చేసినవి, గంటలు నడిస్తే కాలిపోతాయి.

పెట్టె వచ్చాక సగం పని సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. నట్ మామూలుగా ‘బ్యాటరీ మీద ఉన్నాను’, ‘బ్యాటరీ తక్కువైంది’ అన్న రెండు మాటలూ కలిసి వస్తేనే షట్‌డౌన్ మొదలెడుతుంది. ముసలి లెడ్ బ్యాటరీ 60 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా సున్నాకి పడుతుంది, ఆ రెండో మాట రానే రాదు. అందుకే శాతాన్ని నమ్మకుండా గడియారాన్ని నమ్మండి. నట్‌లోని షెడ్యూలర్‌లో టైమర్ పెట్టి, బ్యాటరీ మీదకు వెళ్లి మూడు నిమిషాలైతే షట్‌డౌన్ అని రాయండి, ఈలోపు కరెంటు వస్తే టైమర్ రద్దు. షట్‌డౌన్‌కి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలవండి. ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు) నడిపే ప్రాక్స్‌మాక్స్, ఒక్కోటి ఆగడానికి మామూలుగా 180 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. లోపల విండోస్ మెషీన్ ఒకటి మొండికేస్తే మూడు నిమిషాలు అక్కడే పోతాయి. ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి పొట్లాల్లో నడిపే డాకర్ మాత్రం పది సెకన్లే ఆగి బలవంతంగా చంపేస్తుంది, డేటాబేస్ ఉన్న కంటైనర్‌కి ఆ గడువు పెంచాలి.

రెండు యంత్రాలుంటే యూఎస్‌బీ కేబుల్ ఒకదానికే ఉంటుంది, రెండోది నెట్‌వర్క్ మీద 3493 పోర్టు ద్వారా మొదటిదాన్ని అడిగి తెలుసుకుంటుంది. అంటే మధ్యలోని స్విచ్చూ రౌటరూ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఇది మరిచిపోతే కబురు దారిలోనే ఆగిపోతుంది. సైనాలజీ కంపెనీ నాస్ ఉన్నవాళ్లకు ఆ నాసే నట్ సర్వర్‌గా పని చేస్తుంది, అనుమతించాల్సిన ఐపీ అడ్రసులు మాత్రం సెట్టింగ్స్‌లో చేర్చాలి. మొదటి యంత్రం రెండోదాని కోసం మామూలుగా 15 సెకన్లే ఆగుతుంది. నాస్ నెమ్మదైతే ఆ అంకె పెంచండి.

ఇంకో ఉచ్చు ఉంది. సర్వర్ ఆగుతూ ఉండగా కరెంటు తిరిగొచ్చిందనుకోండి. యూపీఎస్ అవుట్‌పుట్ ఎప్పుడూ పోలేదు కాబట్టి, ‘కరెంటు వస్తే ఆన్ అవ్వు’ అన్న సర్వర్ బయాస్ (BIOS) సెట్టింగ్ పని చేయదు. సర్వర్ ఆగిపోయి అలాగే ఉంటుంది, మీరు వేరే ఊళ్లో ఉంటే అంతే సంగతులు. దీనికి మందు, షట్‌డౌన్ చివరి అంకంలో నట్ యూపీఎస్‌కి ‘20 సెకన్లలో అవుట్‌పుట్ కట్ చెయ్యి, కరెంటు ఉంటే మళ్లీ ఇవ్వు’ అన్న ఆజ్ఞ ఇవ్వడం. నట్‌లో పవర్‌డౌన్ ఫ్లాగ్ అనే అమరిక అందుకే ఉంది. ఆ 20 సెకన్లలో డిస్కులు పద్ధతిగా మూసుకోవడం (అన్‌మౌంట్) పూర్తవదనిపిస్తే 60 చేయండి.

ఇప్పుడు ఇన్వర్టర్, యూపీఎస్ రెండూ కలిపితే: గోడ నుంచి ఇన్వర్టర్, ఇన్వర్టర్ లైన్ నుంచి చిన్న యూపీఎస్, దాని నుంచి సర్వర్. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మారే ఆ కొన్ని మిల్లీసెకన్లు యూపీఎస్ కప్పుతుంది, తర్వాత గంటల తరబడి ఇన్వర్టరే మోస్తుంది. తెల్లవారుజామున దాని బ్యాటరీ అయిపోయిన క్షణం యూపీఎస్‌కి కరెంటు పోయినట్టు, అప్పుడు మూడు నిమిషాల టైమర్ మొదలవుతుంది. నోరులేని ఇన్వర్టర్ తరఫున యూపీఎస్ మాట్లాడినట్టయింది. షరతు ఒకటే: ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి. స్క్వేర్ వేవ్ అయితే చాలా యూపీఎస్‌లు దాన్ని కరెంటుగా ఒప్పుకోవు, బ్యాటరీ మీదే ఉండిపోయి మూడు నిమిషాల టైమర్‌కే సర్వర్‌ని ఆపేస్తాయి. అపార్ట్‌మెంట్ జనరేటర్‌తోనూ ఇదే పేచీ. ఫ్రీక్వెన్సీ 50 నుంచి అటూ ఇటూ ఊగితే యూపీఎస్ టిక్కుటిక్కుమని అటూ ఇటూ మారుతుంది. సెన్సిటివిటీ సెట్టింగ్ ఉన్న మోడల్‌లో దాన్ని ‘లో’కి మార్చితే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక్క రాస్ప్‌బెర్రీ పై, ఒక రౌటర్ మాత్రమే ఉన్నవాళ్లకు 12 ఓల్టుల డీసీ మినీ యూపీఎస్ చాలనిపిస్తుంది. రౌటర్‌కి అది చక్కటిదే. కానీ వాటిలో ఎక్కువవాటికి డేటా పోర్టు లేదు. రాస్ప్‌బెర్రీ పై కూడా దాని మీద ఉంటే, బ్యాకప్ లేని ప్లగ్గులో ఉన్న ఒక పరికరం, స్మార్ట్ ప్లగ్ లాంటిది, పింగ్‌కి (నెట్‌వర్క్‌లో ‘ఉన్నావా’ అన్న పిలుపుకి) పలకడం ఐదు నిమిషాలు ఆగిందంటే షట్‌డౌన్ చేసే చిన్న స్క్రిప్టు రాసుకోవాలి.

అన్నీ అమర్చాక పరీక్ష. యూపీఎస్ ప్లగ్ పీకకండి, పీకితే ఎర్త్ కూడా పోతుంది. మన సాకెట్‌కి స్విచ్ ఉంది, అది ఫేజ్‌ని మాత్రమే తెంచుతుంది, దాన్నే ఆపండి. మొదటిసారి సర్వర్ బదులు 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి ఎంతసేపు వెలుగుతుందో రాసుకోండి. బ్యాటరీ మళ్లీ నిండటానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి రెండో పరీక్ష మర్నాడు. ఈసారి సర్వర్‌తో: స్విచ్ ఆపి, టైమర్ మూడు నిమిషాలకు కదిలిందా, వర్చువల్ మెషీన్లు ఆగాయా, యూపీఎస్ అవుట్‌పుట్ నిజంగా కట్ అయిందా చూడండి. మూడోసారి, సర్వర్ ఆగుతూ ఉండగా మధ్యలోనే స్విచ్ వేయండి. చేయి వేయకుండా సర్వర్ దానంతటదే లేచిందా? లేచాక ‘అన్‌సేఫ్ షట్‌డౌన్స్’ అంకె నిన్నటిదే ఉందా? ఏటా మార్చిలో ఒకసారి, ఈదురుగాలులు మొదలయ్యే ముందు, ఇదే వరసలో మళ్లీ చేయండి. బల్బు వెలిగిన సమయం మొదటిసారి రాసుకున్నదాంట్లో సగానికి తగ్గితే ఆ వారమే బ్యాటరీ మార్చేయండి.